120 పళ్ల పట్టీ

అమ్మకి టేకుతో పోపుల పెట్టె చేసిస్తానని చెప్పి ఏడాది దాటింది. పెట్టె మూలల్లో మేకులు కనపడకూడదని నా పట్టుదల. ఫింగర్ జాయింట్ వేయాలి, అంటే చేతివేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు రెండు చెక్కల చివర్లూ కలవాలి. రంపంతో, ఉలితో రెండుసార్లు చేసి చూశాను. ఆ సందుల్లో ఆవాలు పట్టేవి.

అప్పుడే మా బావ డల్లాస్ నుంచి వస్తూ ఇంక్రా జిగ్ తెచ్చాడు, అంటే కోతలు కావలసిన దూరంలోనే పడేలా చూసే సాధనం. చూడటానికి పెద్ద గొప్పగా ఏమీ ఉండదు. లోపల పళ్ల పట్టీలు ఎదురెదురుగా కరుచుకుని ఉంటాయి, అంగుళానికి 32 పళ్లు. బిగింపు వదులు చేసి, రౌటర్ టేబుల్ (గాడులు కోసే మిషన్ కింద బిగించిన బల్ల) మీద ఫెన్స్‌ని, అంటే చెక్కని ఆనించే అడ్డుపలకని, జరిపి మళ్లీ బిగిస్తే పన్ను పన్నులో కూర్చుంటుంది. పన్నుకీ పన్నుకీ మధ్య దూరం 0.8 మిల్లీమీటర్లకి ఒక వెంట్రుక తక్కువ. మన మేస్త్రీలు చెప్పే సూత్‌లో నాలుగో వంతన్నమాట. ఆ మధ్యలో ఇంకెక్కడా ఆగదు. ఏ పన్ను దగ్గర ఆగాలో గుర్తుకి, పైనున్న గాడిలో గీతల పట్టీ ఒకటి దూరుతుంది. దాన్నే టెంప్లేట్ అంటారు.

మొదటి ఆదివారం ప్యాకింగ్ పెట్టె తాలూకు తుక్కు చెక్క మీద, జిగ్‌తో వచ్చిన టెంప్లేట్ పెట్టి కోశాను. గీతలన్నీ సరిగ్గానే చూసుకున్నా వేళ్లు లోపలికి దిగలేదు. కొయ్య సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే చెక్క నిలువునా చీలింది. టెంప్లేట్‌ని తిట్టుకున్నాను, చెక్కని తిట్టుకున్నాను. సాయంత్రం వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే అసలు దొంగ బిట్ (రౌటర్‌లో తిరుగుతూ చెక్కని కోసే ములుకు) అని తేలింది. టెంప్లేట్ పావు అంగుళం బిట్‌కి, అంటే 6.35 మిల్లీమీటర్లకి. నేను కొన్నది 6 మిల్లీమీటర్లది. షాపులో అడిగితే "రెండూ ఒకటే సార్" అన్నారు, నేనూ నమ్మాను. అర అంగుళానికోసారి గాడి కోస్తే గాడి 6, మిగిలిన వేలు 6.7. అది ఎలా దిగుతుంది? పావు అంగుళం బిట్ కొన్నాక అదే టెంప్లేట్‌తో, అదే తుక్కు చెక్కతో వేళ్లు బొటనవేలి ఒత్తుడికే కూర్చున్నాయి. ఆ రాత్రి ఆ ముక్కని భోజనాల బల్ల మీద పెట్టి అందరికీ చూపించాను. మా ఆవిడ "చాలా బాగుందండీ, పెట్టె ఎప్పుడు?" అంది.

పెట్టె దగ్గరే ఇంకో చిక్కు. వేళ్లన్నీ ఒకే వెడల్పులో ఉంటే దువ్వెనలా కనిపిస్తాయి. నాకు మధ్యలో ఒక వెడల్పాటి వేలు, దానికి అటూ ఇటూ ఐదేసి సన్నవి కావాలి. అలాంటి టెంప్లేట్ జిగ్‌తో రాలేదు, మనమే చేసుకోవాలి. నా పలకలు చిత్రిక పట్టాక మూడు ముప్పావు అంగుళాల వెడల్పు వచ్చాయి, లెక్క వేస్తే సరిగ్గా 120 పళ్లు. సన్నవి ఎనిమిదేసి పళ్లు, మధ్యది 40. ముందు, వెనక పలకల కోతలకి ఎర్ర గీతలు, పక్క పలకలకి నీలం గీతలు. కంప్యూటర్‌లో చక్కగా గీసి జిరాక్స్ షాపులో ప్రింటు తీయించాను.

కోశాను. మొదటి రెండు వేళ్లూ ముద్దొచ్చాయి. మూడో దాని పక్కన సందు. చివరికి వచ్చేసరికి, గాడి రావాల్సిన అంచున అగ్గిపుల్ల మందాన చెక్క నిలబడి ఉంది. ఈసారి తిట్టుకోకుండా నేరుగా పట్టీని కొలిచాను. 95 మిల్లీమీటర్ల పైన ఉండాల్సింది 92 చిల్లర ఉంది. ప్రింటరు పేజీకి సరిపెట్టే సెట్టింగ్‌లో ఉండి బొమ్మని నూటికి మూడు వంతులు కుదించేసింది.

దీంతో ఒకటి అర్థమైంది. గీత కాస్త లావైనా, కొంచెం పక్కకి పోయినా ఈ జిగ్‌కి పట్టదు. అర పన్ను లోపు తప్పుంటే ఫెన్స్ వెళ్లి సరైన పన్నులోనే కూర్చుంటుంది. కానీ కుదింపు పోగుపడుతుంది. పదహారో పన్ను దగ్గర అర పన్ను తేడా వస్తుంది, అక్కణ్నుంచి పక్క పన్నులోకి జారిపోతాం.

సరిగ్గా ఆ వారమే ఇంట్లో అల్మారాలు చేయడానికి వడ్రంగి వచ్చాడు. కామారెడ్డి వైపు మనిషి, టేపు చాలా తక్కువ వాడతాడు. ఒక సన్నటి పుల్ల మీద అరల ఎత్తులన్నీ పెన్సిల్‌తో గీసుకుని, ప్రతి పలకా ఆ పుల్లకే ఆనించి గుర్తు పెడుతున్నాడు. నా ప్రింటు గోడు విని, "కాయితం మీద ఎందుకు సార్, ఆ మిషన్ మీదనే గీసుకోరాదు?" అన్నాడు. అనేసి తన పనిలో పడ్డాడు.

ఖాళీ ప్లాస్టిక్ పట్టీ గాడిలో పెట్టాను. ఫెన్స్‌ని ఒక్కో పన్ను జరుపుతూ లెక్కపెట్టి, ఆగాల్సిన చోట జిగ్ మీది సన్న గీత కిందికి కట్టర్ మొనతో గాటు పెట్టాను. 8, 24, 40... ఇలా 112 దాకా. జిగ్ పళ్లే గీయించిన గీతలు కాబట్టి ప్రింటరుతో పని లేదు. మధ్యలో ఫోన్ మోగి లెక్క తప్పితే మొత్తం మొదటికి రావాల్సి వచ్చింది, అది వేరే సంగతి. గాట్లలో స్కెచ్ పెన్ రుద్ది ఎరుపు, నీలం నింపాను.

బిట్‌కి పలక నడిమధ్య సరిగ్గా ఎదురుగా ఉందో లేదో చూడటానికి తుక్కు చెక్క మధ్యలో ఒక గాడి కోసి, చెక్కని తిప్పి మళ్లీ తోశాను. గాడి వెడల్పైతే అటో ఇటో ఉన్నట్టు. రెండు సవరింపులకి కుదిరింది. తర్వాత టేకు పలకలు. వెనక ఆసరా చెక్క పెట్టకపోతే గాడి బయటికి వచ్చే చోట చెక్క పెచ్చులు లేస్తుంది. మొదటి పలకకి మర్చిపోయాను, ఆ పెచ్చు ఇప్పటికీ పెట్టె వెనకవైపు ఉంది. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అతికే ముందు థిన్నర్ గుడ్డతో తుడిచి ఫెవికాల్ పెట్టాను. మూలమట్టం వేసి చూస్తే నాలుగు మూలలూ సరిగ్గా ఉన్నాయి.

అమ్మ పెట్టె తీసుకుని, అందులో పోపు దినుసులు పోస్తే మరకలవుతాయని తన మందుల షీట్లు సర్దుకుంది. స్టీలు పోపుల డబ్బా స్టవ్ పక్కనే ఉంది. ఇప్పుడు అక్క ఐదు అంగుళాల ఎత్తుతో అలాంటిదే అడుగుతోంది. అంటే 160 పళ్లు, ఈ పట్టీ చాలదు. ఈసారి ఫోన్ ఆపేసి లెక్కపెట్టాలి.