ఫెజ్‌లో అడ్రస్ ప్రూఫ్: పడ్డ పాట్లు, పాడిన పాట

ఇవాళ పొద్దున రెసిడెన్స్ కార్డు దరఖాస్తు రసీదు చేతికొచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా. మొరాకోలోని ఫెజ్‌లో అరబీ చదవాలని, మూడు నెలలకు మించి ఉండాలని అనుకునే మనవాళ్లకు పనికొస్తుంది.

సులువైనవి ముందు చెప్పేస్తా. పోలీస్ క్లియరెన్స్, దాని మీద అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర) హైదరాబాద్‌లో ఉన్నప్పుడే చేయించుకున్నా. మొరాకోలో 2016 నుంచి అపోస్టిల్ ఒప్పందం అమల్లో ఉంది కాబట్టి ఎంబసీ చుట్టూ తిరిగే పని తప్పింది. ఇక్కడ కోర్టు గుర్తింపున్న అనువాదకుడి చేత ఫ్రెంచిలోకి మార్పించాను. మెడికల్ సర్టిఫికెట్, ఫొటోలు, బ్యాంకు స్టేట్‌మెంట్, చేరిన భాషా కేంద్రం ఇచ్చే లెటర్, వీటిలో ఏదీ కష్టం కాదు.

అన్నట్టు, నేను చదివేది ఓ చిన్న ప్రైవేటు కేంద్రంలో. 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ కట్టించిందని చెప్పే అల్ ఖరవియ్యీన్‌లో కాదు. వరంగల్లో మా పెద్దమ్మ ఊరందరికీ ‘ప్రపంచంలోనే పాత యూనివర్సిటీలో చదువుతోంది’ అని చెప్పి పెట్టింది. ముస్లిమేతరులను ఆ మసీదు లోపలికి రానివ్వరు పెద్దమ్మా, గుమ్మం దగ్గర నిలబడి చూడటమే.

ఇక అడ్రస్. నేనుండేది పాత నగరంలో, ఫెజ్ అల్ బాలీలో. 1981 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. లోపలికి కార్లు రావు, సరుకంతా గాడిదల మీదే. వెనక నుంచి ‘బాలక్! బాలక్!’ (తప్పుకో!) అని అరుపు వినపడితే గోడకు అతుక్కుపోవాలి. తాలా కబీరా వీధి నుంచి పక్కకు తిరిగితే, చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత సందు. దాని చివర మా ఇల్లు. బయటికి ఉత్త గోడ, ఒక తలుపు. లోపల మాత్రం అచ్చం మన మండువా లోగిలే.

ఇంటి ఓనరు పెద్దావిడ. అందరిలాగే నేనూ గౌరవంగా హజ్జా అంటాను, ఆమె నన్ను బింతీ, అంటే బిడ్డా అంటుంది. శుక్రవారం కుస్‌కుస్ నాకు పెట్టకుండా తినదు. కానీ కిరాయి ఒప్పందం అనేసరికి మొహం మారిపోయింది. దాని కోసం ఇద్దరం ముకాతా అనే వార్డు ఆఫీసుకు వెళ్లి సంతకాలు పెట్టి ముద్ర వేయించుకోవాలి. పెడితే కిరాయి మీద పన్ను కట్టమంటారని ఆమె భయం. ‘కాగితం ఎందుకు బింతీ, నేనున్నాగా!’ అంటుంది. పోలీసులు అడిగేది కాగితాన్నే కదా, ఏం చేయను?

ఒప్పందం కాకపోతే మొకద్దమ్ చేత రాయించుకో అన్నారు. మొకద్దమ్ అంటే పేటకొకరు ఉండే ప్రభుత్వ మనిషి. ఎవరింట్లో ఎవరున్నారో ఆయనకు తెలియంది లేదు. ఆయన ఎక్కడున్నాడో మాత్రం ఎవరికీ తెలియదు.

ఆయన కోసం ముకాతాకు తిరుగుతున్న రోజుల్లోనే జరిగింది ఇది. క్యూ మెట్ల దాకా ఉంది. కౌంటర్ మనిషి నా పాస్‌పోర్టు చూసి ‘హింద్! అమితాబ్ బచ్చన్!’ అన్నాడు. ఇక్కడ రోజూ వినేదే, నవ్వి ఊరుకున్నా. నా పుస్తకాల అరబీలో పని చెప్పుకుంటుంటే ‘వార్తలు చదువుతోంది చూడండి’ అని క్యూ అంతటికీ వినపడేలా అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తర్వాత ముద్ర చేతిలో పట్టుకుని, ‘ఒక హిందీ పాట పాడు, వేస్తా’ అన్నాడు. సరదాకేమో అనుకున్నా. కాదు. ముద్రను ఇంకు డబ్బా మీద పెట్టి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. వెనక నుంచి ఒకామె, ‘పాడేయమ్మా, మాకూ పనులున్నాయి’ అంది.

చెవులు వేడెక్కిపోయాయి. వరంగల్లో ఏ గుమాస్తా అయినా ఇలా అడిగితే ఆఫీసు లేచిపోయేలా అరిచేదాన్ని. అక్కడ మూడు నెలల గడువు గుర్తొచ్చి, నేల చూస్తూ, బతుకమ్మ పాట అందుకున్నా.

‘ఇది హిందీ కాదు’ అన్నాడు.

‘తెలుగు. ఇదీ హింద్‌లోదే’ అన్నా.

ముద్ర పడింది. దేని మీద? పాస్‌పోర్టు జిరాక్స్ మీద! ఇంటి సంగతి మొకద్దమ్‌నే అడగమన్నాడు.

మా క్లాసులో అమెరికా వాళ్లకు ఈ టెన్షన్లేవీ లేవు. వాళ్లకు వీసాయే అక్కర్లేదు. 90 రోజులు కావస్తుంటే స్పెయిన్ చేతిలో ఉన్న సెయుటాకు వెళ్లి, కాఫీ తాగి తిరిగొస్తారు, లెక్క మళ్లీ మొదటి నుంచి. మనం ఆ గేటు దాటాలంటే యూరప్ దేశాల షెంగెన్ వీసా కావాలి. ‘నువ్వూ రా, సరదాగా ఉంటుంది’ అని ఒకమ్మాయి పిలిస్తే ఏం చెప్పాలో తెలియలేదు.

చివరికి దారి చూపించింది ఫెర్రాన్‌లో, అంటే పేట పొయ్యిలో, రొట్టెలు కాల్చే తాత. రోజూ పొద్దున హజ్జా పిండి పళ్లెం ఆయన పొయ్యి దగ్గరికి మోసుకెళ్లేది నేనే. క్లాసులో రాని దారిజా (ఇక్కడి వాడుక అరబీ) మాటలన్నీ నాకు అక్కడే వచ్చాయి, ఇప్పుడు కూరగాయల బేరంలో నన్నెవరూ మోసం చేయలేరు. అసర్ (సాయంత్రం ముందు) నమాజు తర్వాత మొకద్దమ్ ర్సీఫ్ కూడలి దగ్గర ఫలానా హోటల్లో పుదీనా టీ తాగుతాడని చెప్పాడు. వెళ్లా. నేను నోరు తెరవకముందే, ‘హజ్జా ఇంట్లో పై గది, రాత్రి పొద్దుపోయేదాకా లైటు వెలుగుతుంది’ అన్నాడాయన. ఇంత తెలిసినవాడు ఇన్నాళ్లూ ఎక్కడికి పోయాడు!

సాయంత్రం ఇంటికొచ్చి హజ్జాతో, ‘ఈ పిల్ల దిగిన రోజే నాకు తెలుసు. కాగితం రాస్తే కొత్తగా బయటపడేదేముంది?’ అన్నాడు. మర్నాడు ఆమె ఇస్త్రీ చేసిన జెల్లాబా (పొడుగు అంగీ) వేసుకుని, నా చెయ్యి పట్టుకుని వచ్చి సంతకం పెట్టింది. అదే కౌంటర్. ఆమె పక్కనుంటే ఆ మనిషి తల ఎత్తితే ఒట్టు.

మిగతాది కొత్త నగరంలో పోలీసుల దగ్గర. ఏడాదికి 100 దిర్హాముల స్టాంపు, వేలిముద్రలు, రసీదు. మర్యాదగా మాట్లాడారు.

నేను చెప్పేదొకటే, ఒప్పందం మీద సంతకం పెడతారా లేదా అన్నది అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోండి. గది ఎంత అందంగా ఉన్నా సరే. కార్డు వచ్చేదాకా ఈ రసీదే దిక్కు కాబట్టి జిరాక్సులు తీసి పెట్టుకోండి. ముకాతా ఎదురుగా ఉన్న షాపులో మాత్రం వద్దు, వాడు పరదేశీ మొహం కనపడితే రెట్టింపు గుంజుతాడు.