పిల్లలకు రెండు రోజులు, నాకు పదకొండు వారాలు

ఒక మంగళవారం ఉదయం మా పెద్దమ్మాయి స్కూలు చొక్కాకు గుండీలు పెట్టబోతే నా వేళ్లు వంగలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుండీని పట్టుకుని కాజాలోకి దూర్చడం రోజూ దానివైపు చూడకుండానే చేసే పని. ఆ రోజు గుండీ జారిపోతూనే ఉంది. కాస్త గట్టిగా పట్టుకుంటే వేలి కణుపుల నుంచి మణికట్టు దాకా నొప్పి పాకింది. అమ్మాయి కాసేపు నా వేళ్లనూ, కాసేపు నా ముఖాన్నీ చూసి, "నేనే పెట్టుకుంటానులే అమ్మా" అని చొక్కా అంచులు నా చేతుల్లోంచి తీసేసుకుంది. ఐదు గుండీల్లో మొదటిదాన్ని రెండో కాజాలో పెట్టడంతో చివరికి పైన ఒక కాజా, కింద ఒక గుండీ మిగిలిపోయాయి. దాన్ని సరిచేయడానికి కూడా నాకు చేతులు రాలేదు. చొక్కా అలా వంకరగా ఉండగానే స్కూలుకు వెళ్లింది.

అమ్మాయికి అప్పుడు ఐదేళ్లు, యూకేజీ చదువుతోంది. తమ్ముడికి ఏడాదిన్నర. నాకు వచ్చిన జబ్బు మొదలైంది ఆ మంగళవారం కాదు, అంతకు పద్దెనిమిది రోజుల ముందు, అమ్మాయి ముక్కు కారుతూ స్కూలు నుంచి వచ్చిన శుక్రవారం సాయంత్రం. ఒళ్లు కొంచెం వెచ్చబడింది, రెండు రోజులు మందకొడిగా ఉంది, సోమవారానికల్లా మామూలుగా తిరగసాగింది. యూకేజీ పిల్లలున్న ఇంట్లో అలాంటి జలుబును ఎవరూ గుర్తు పెట్టుకోరు, మేమూ పెట్టుకోలేదు.

ఆ గురువారం టీచర్ ఫోన్ చేశారు. పాప రెండు చెంపలూ ఎర్రగా కందిపోయి ఉన్నాయనీ, ఇంట్లో ఏమైనా జరిగిందా అనీ ఆమె ఎంతో తటపటాయిస్తూ అడిగారు. ఆ ప్రశ్న వెనుక ఉన్న అనుమానం అర్థమై నాకు చాలాసేపు మనసు కుదుటపడలేదు. సాయంత్రానికి ఆలోచిస్తే, ఒక పసిపిల్ల చెంపలు చెయ్యి చేసుకున్నట్టు కందిపోయి కనిపిస్తే అడగవలసిన బాధ్యత ఆమెకు ఉందనీ, అడిగినందుకు నేను సంతోషించాలనీ అనిపించింది. తీసుకొచ్చి చూస్తే చెంపలు ముట్టుకుంటే వెచ్చగా, కొంచెం ఉబ్బెత్తుగా ఉన్నాయి కాని నొప్పి లేదంది. మరో రెండు రోజులకు చేతుల మీదా తొడల మీదా అల్లిన లేసు లాంటి ఎర్రటి దద్దు వచ్చింది. అది తగ్గినట్టే తగ్గి, వేడినీళ్లు పోసుకున్నప్పుడూ ఎండలో ఆడి వచ్చినప్పుడూ మళ్లీ తేలేది. పిల్లల డాక్టరు చూసి వైరస్ వల్ల వచ్చిన దద్దేననీ, దానంతట అదే పోతుందనీ చెప్పారు. తర్వాత వారంన్నరకు తమ్ముడి చెంపలు కూడా ఎర్రబడ్డాయి. వాడైతే ఒక్కపూట కూడా ఆట మానలేదు.

వాడి చెంపలు ఎర్రబడిన మూడో రోజే నా గుండీల మంగళవారం. ముందు రోజు రాత్రి ఒళ్లు నొప్పులుగా ఉంటే నిద్ర చాలకనేమో అనుకుని పడుకున్నాను. తెల్లారేసరికి రెండు చేతుల వేళ్ల కణుపులూ ఉబ్బి, పిడికిలి బిగించడానికి వీలు లేకుండా పోయింది. రెండు రోజుల్లో మణికట్లు, మోకాళ్లు, చీలమండలు కూడా పట్టేశాయి. విచిత్రం ఏమిటంటే కుడివైపు ఏ కీలు నొప్పి పెడితే ఎడమవైపు సరిగ్గా అదే కీలు నొప్పి పెట్టేది. పొద్దున లేచాక గంటన్నర దాకా చేతులు నావి కావన్నట్టు ఉండేవి. ఆ గంటన్నరలోనే పెద్దదాన్ని తయారు చేయాలి, జడ వేయాలి, బ్రష్ మీద పేస్టు నొక్కాలి, నీళ్ల సీసా మూత బిగించాలి, చిన్నవాడికి డైపర్ మార్చాలి. డైపర్ పక్కన ఉండే అంటుపట్టీని ఊడదీయడానికి ఎంత బలం కావాలో అప్పుడే తెలిసింది.

అన్నిటికంటే నన్ను కుంగదీసింది చిన్నవాడిని ఎత్తుకోలేకపోవడం. వాడికి ఇంకా మాటలు సరిగా రాలేదు. ఎత్తుకోమని అడగడమంటే వాడికి నా ఎదురుగా వచ్చి నిలబడి రెండు చేతులూ పైకి చాపడమే. చంకల కింద చేతులు వేసి లేపబోతే మణికట్టు విరిగిపోతుందేమో అన్నంత నొప్పి వచ్చేది. వాడు చేతులు చాపి, నేను కదలకపోవడం చూసి, చేతులు దించి, మళ్లీ చాపేవాడు. ఏడిస్తే ఓదార్చవచ్చు గాని, అడిగినది వినబడలేదేమో అనుకుని ఒక పసివాడు మళ్లీ మళ్లీ ఓపిగ్గా అడుగుతుంటే చూడటం నా వల్ల కాలేదు. నాలుగో రోజు నేనే నేల మీద చాప పరచుకుని కూర్చుని, వాడే నా ఒళ్లోకి ఎక్కేలా అలవాటు చేశాను. మంచాలు తీసేసి పరుపులు కింద వేశాము. మావారు ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లేలా అనుమతి తీసుకుని పొద్దుటి పనులన్నీ తన మీద వేసుకున్నారు. ఆయనకు జడ వేయడం రాదు కాబట్టి అమ్మాయి జుట్టుకు రబ్బరుబ్యాండు పెట్టి పంపేవారు.

మొదట చూసిన డాక్టరు రక్తపరీక్షలు చేయించారు. కీళ్లవాతంలో తరచూ పెరిగే రుమటాయిడ్ ఫ్యాక్టర్ ఉండవలసిన దానికంటే కొద్దిగా ఎక్కువ వచ్చింది. ఇది కీళ్లవాతం కావచ్చుననీ, దీర్ఘకాలం మందులు వాడవలసి రావచ్చుననీ ఆయన అన్నారు. ఆ రిపోర్టు చూసి అలా అనుకోవడంలో తప్పు లేదని ఇప్పుడు తెలుసు గాని, ఆ వారం రాత్రులు నేను నిద్రపోలేదు. పిల్లలు పెద్దవాళ్లయ్యేసరికి నా చేతులు ఏ స్థితిలో ఉంటాయో ఊహించుకుంటూ, నిద్రలో ఒకరి మీద ఒకరు కాళ్లు వేసుకుని పడుకున్న ఇద్దరినీ చూస్తూ కూర్చునేదాన్ని.

మూడో వారంలో కీళ్ల జబ్బులు చూసే రుమటాలజిస్టు దగ్గరకు వెళ్లాము. ఆమె నా చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని ఒక్కో కణుపునూ నొక్కి చూశాక రిపోర్టులు పక్కన పెట్టి, "ఇంట్లో చిన్నపిల్లలున్నారా అమ్మా? ఈ మధ్య వాళ్లకు చెంపలు ఎర్రబడ్డాయా?" అని అడిగారు. అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న అది. చెంపలను ఎర్రబరిచే పార్వోవైరస్ బి19 అనే వైరస్ ఈ మధ్యే సోకిందో లేదో చెప్పే ఐజీఎం యాంటీబాడీ పరీక్ష చేయిస్తే పాజిటివ్ వచ్చింది. కీళ్లవాతాన్ని మరింత కచ్చితంగా సూచించే యాంటీ సీసీపీ పరీక్ష నెగటివ్ వచ్చింది. ఎక్స్‌రేలో కీళ్లకు నష్టమేమీ కనిపించలేదు.

ఒంటి మీద దద్దుతో వచ్చే పిల్లల జబ్బులకు పూర్వం వైద్యులు వరుస సంఖ్యలు ఇచ్చారనీ, తట్టు మొదటిది కాగా ఇది ఐదవది కనుక ఇంగ్లీషులో దీన్ని ఇప్పటికీ ఫిఫ్త్ డిసీజ్ అంటారనీ డాక్టరు గారు చెప్పారు. ఈ వైరస్‌ను 1975లో లండన్‌లో యివోన్ కోసార్ట్ అనే వైరాలజిస్టు, ఆమె సహచరులు కనిపెట్టారు. హెపటైటిస్ బి కోసం రక్తపు నమూనాలు పరీక్షిస్తుండగా బి అనే వరుసలోని 19వ నమూనాలో ఇది బయటపడింది, పేరులోని అంకె అక్కడిదే. పిల్లల చెంపలు ఎర్రబరిచేది ఇదేనని తెలియడానికి మరో ఎనిమిదేళ్లు పట్టింది. కుక్కపిల్లలకు వచ్చే పార్వో వేరే వైరస్ అనీ, అది మనుషులకు రాదనీ కూడా డాక్టరు గారు చెప్పారు, నేను అడగబోతున్న ప్రశ్న ముందే తెలిసినట్టు.

ఆమె చెప్పినవాటిలో నా మనసులో ఉండిపోయింది మరొకటి. ఈ జబ్బు అంటుకునేది జలుబులా కనిపించే మొదటి రోజుల్లోనే. చెంపలు ఎర్రబడేది ఒంట్లో యాంటీబాడీలు తయారయ్యాక, అప్పటికి సాధారణంగా అది మరొకరికి అంటదు. అంటే దద్దు చూసి మేము అమ్మాయిని తమ్ముడికి దూరంగా పడుకోబెట్టిన రోజులన్నీ అక్కరలేని జాగ్రత్తలు. దాని ముక్కు తుడిచి, అదే చేత్తో వాడి మూతి తుడిచిన శుక్రవారం సాయంత్రమే జరగవలసిందంతా జరిగిపోయింది. చాలామంది పెద్దవాళ్లకు ఇది చిన్నప్పుడే వచ్చిపోయి ఉంటుంది, మళ్లీ రాదు. నాకు రాలేదు. పెద్దవయసులో వస్తే, అందులోనూ ఆడవాళ్లకు, కీళ్ల మీద తేలడం ఎక్కువట. రుమటాయిడ్ ఫ్యాక్టర్ కూడా ఈ వైరస్ వల్ల కొంతకాలం పెరుగుతుందట. దీనికి ప్రత్యేకమైన మందు లేదు, టీకా లేదు. నొప్పికి మాత్రలు, చేతులకు గోరువెచ్చని నీళ్లు, కొన్ని వారాల ఓపిక, అంతే.

ఊపిరి పీల్చుకుంటున్న ఆ క్షణంలోనే ఆమె, "ఆ రోజుల్లో మీ ఇంటికి గర్భిణులెవరైనా వచ్చారా?" అని అడిగారు. నా గుండె జారిపోయింది. అమ్మాయికి జలుబు చేసిన శని, ఆదివారాలు మా చెల్లెలు మా ఇంట్లోనే ఉంది. అప్పటికి దానికి నాలుగో నెల. అక్క కూతురని రెండు రోజులూ ఒళ్లోంచి దించలేదు. ఈ వైరస్ ఎముకల మూలుగలో ఎర్ర రక్తకణాలను తయారు చేసే కణాలను పట్టుకుంటుంది. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టి ఆరోగ్యంగా ఉన్నవారికి ఆ తయారీ వారం పది రోజులు ఆగినా తెలియదు. సికిల్ సెల్, తలసేమియా వంటి రక్తపు జబ్బులున్నవారికీ కడుపులోని బిడ్డకూ మాత్రం అది తీవ్రమైన రక్తహీనత తేవచ్చు. చాలా గర్భాలకు ఏమీ కాదని డాక్టరు గారు ధైర్యం చెప్పారు గాని, పరీక్ష చేయించడం అవసరమన్నారు.

చెల్లికి ఫోన్ చేసి ఆ మాట చెప్పడం ఈ పదకొండు వారాల్లో నేను చేసిన అత్యంత కష్టమైన పని. అది నన్నేమీ అనలేదు, "సరే అక్కా, రేపు పొద్దున్నే వెళ్తాను" అంది. రిపోర్టు రావడానికి మూడు రోజులు పట్టింది. ఐజీఎం నెగటివ్, ఐజీజీ పాజిటివ్. అంటే తనకు అది ఏనాడో వచ్చిపోయింది, ఇప్పుడు రక్షణ ఉంది. ఒకే ఇంట్లో, ఒకే పరుపు మీద పెరిగిన మా ఇద్దరిలో తనకు వచ్చింది నాకెలా తప్పిపోయిందో తెలియదు. అమ్మను అడిగితే గుర్తు లేదంది. ఆ సాయంత్రం చెల్లీ నేనూ ఫోన్‌లో మాట్లాడుకోకుండా చాలాసేపు ఏడ్చాము.

ఈ హడావిడిలో ఇంట్లో జరిగిన ఒక పొరపాటు గురించి రాయకుండా ఉండలేను. మావారు మా అత్తగారికి ఫోన్‌లో విషయం చెబుతూ, "పెద్దదాని నుంచే అంటుకుందట" అన్నారు. ఆయన అన్నది నిజమే, ఎవరినీ నిందించాలని కాదు. పక్క గదిలో బొమ్మకు రంగులు వేసుకుంటున్న అమ్మాయి ఆ మాట విన్నదని మాకు తెలియలేదు. ఆ రోజు నుంచి రాత్రి నా పక్కన పడుకోకుండా గోడవైపు జరిగేది. తమ్ముడు మీదికి వస్తే చేతులు వెనక్కి పెట్టుకునేది. రెండు రోజులు నేను అది అలకనుకున్నాను. మూడో రోజు పడుకునే ముందు, "నేను ముట్టుకుంటే నీకు మళ్లీ వస్తుందా అమ్మా?" అని అడిగింది.

దగ్గరకు లాక్కోవడానికి వేళ్లు సహకరించకపోతే మోచేతులతో లాక్కున్నాను. ఇది ఒకసారి వచ్చినవారికి మళ్లీ రాదనీ, తనకు కూడా ఎవరి నుంచో వచ్చిందనీ, వాళ్లకు ఇంకెవరి నుంచో వచ్చిందనీ, ఇందులో ఎవరూ ఏ తప్పూ చేయలేదనీ చెప్పాను. అది చాలాసేపు ఆలోచించి, "వాళ్లమ్మకి కూడా చేతులు నొప్పి పెట్టాయా?" అని అడిగింది. తెలియదన్నాను. "పాపం" అని నా చేతి మీద తన చెంప ఆనించి పడుకుంది. ఆ తర్వాత మావారూ నేనూ జబ్బు గురించి మాట్లాడవలసి వస్తే పిల్లలు నిద్రపోయాకే మాట్లాడుకున్నాము.

అయిదో వారం నుంచి నొప్పి తగ్గుముఖం పట్టింది. ముందు చీలమండలు, తర్వాత మోకాళ్లు వదిలాయి. వేళ్లు అన్నిటికంటే ఆలస్యం చేశాయి. ఒక రోజు బాగుంటే మరుసటి రోజు మళ్లీ పట్టేసేవి, అలాంటి రోజు వచ్చినప్పుడల్లా మొదటి డాక్టరు మాటే నిజమేమో అని భయం వేసేది. మూడు నెలలకు మళ్లీ చేసిన పరీక్షలో రుమటాయిడ్ ఫ్యాక్టర్ మామూలు స్థాయికి వచ్చింది. అంతకు ముందే, పదకొండో వారంలో ఒక ఉదయం, అమ్మాయి నీళ్ల సీసా మూత బిగించి సంచీలో పెట్టాక గాని నొప్పి లేకుండా బిగించానని గమనించలేదు.

ఆ ఆనందంలో చొక్కా గుండీలు పెట్టబోతే అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసి, "నాకు వచ్చు కదా" అంది. అప్పటికి ఐదూ సరైన కాజాల్లో పెట్టుకుంటోంది. చిన్నవాడు మాత్రం చేతులు చాపడం మానేశాడు. నన్ను చూడగానే చాప దగ్గరకు నడిచి, నేల మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, నేను కూర్చునే దాకా ఎదురుచూసేవాడు. ఆ రోజు కూర్చోలేదు. చంకల కింద చేతులు వేసి లేపాను. వాడు ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత నా మెడ పట్టుకున్నాడు. పదకొండు వారాల్లో బాగా బరువెక్కాడు.