విదేశానికి పంపడం సరే, తిరిగొచ్చాక ఏం చేస్తారు?

మంచి మేనేజర్‌ను నాయకుడిగా తీర్చిదిద్దాలంటే కొన్నేళ్లు వేరే దేశంలో పనిచేయించాలనే మాటను నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. ట్రైనింగ్ క్లాసులతో రానిది అక్కడ వస్తుంది. కానీ చాలా కంపెనీల్లో ఈ పోస్టింగులు నడిచే తీరు చూస్తే బాధేస్తుంది. ఎవరిని పంపాలి, వీసా ఎప్పుడొస్తుంది, అలవెన్స్ ఎంత, పిల్లల స్కూల్ ఫీజు ఎవరు కట్టాలి అని నెలల తరబడి మాట్లాడుకుంటారు గానీ, ఆ మనిషి తిరిగొచ్చాక ఏ పని చేస్తారన్నది మాత్రం ఇంకో వారంలో ఫ్లైట్ ఉందనగా గుర్తొస్తుంది.

ముందు, ఇది ఎందుకు పనిచేస్తుందో చెప్తాను. సొంత దేశంలో మేనేజర్‌గా ఉన్నప్పుడు మన పనిలో చాలా భాగం మనకు తెలియకుండానే అయిపోతుంటుంది. ఏ ఫైల్ ఎవరి దగ్గర ఆగుతుందో తెలుసు, ఎవరికి ఫోన్ చేస్తే కదులుతుందో తెలుసు, ఎదుటివాళ్లు సరేనన్నా అది నిజంగా సరేనో కాదో గొంతును బట్టే అర్థమైపోతుంది. కొత్త దేశంలో ఇవేవీ ఉండవు. మీటింగులో అందరూ తలూపుతారు, పది రోజులైనా పని మొదలవదు, ఎందుకో ఎవరూ చెప్పరు. అసలు అభ్యంతరాలు మీటింగ్ అయ్యాక, విడిగా కూర్చుని మాట్లాడినప్పుడే బయటికొస్తాయని తెలియడానికి కొంతకాలం పడుతుంది. అప్పటిదాకా తన సామర్థ్యం అనుకున్నదాంట్లో పరిచయాల బలం ఎంతో, నిజంగా తనది ఎంతో అక్కడే తేలుతుంది. 2018లో హాజో ఆడమ్, ఆడమ్ గాలిన్‌స్కీ మరికొందరు కలిసి ప్రచురించిన పరిశోధన కూడా దీనికి దగ్గరగానే ఉంది. విదేశంలో ఉండి వచ్చినవాళ్లకు తామేమిటో మరింత స్పష్టంగా తెలుస్తుందని, అందులోనూ ఎన్ని దేశాల్లో ఉన్నారన్నదానికంటే ఎంతకాలం ఉన్నారన్నదే ముఖ్యమని వాళ్లు చూపించారు. అందుకే మూడు వారాల టూర్లను లీడర్‌షిప్ ప్రోగ్రామ్ అంటే నేను ఒప్పుకోను. శామ్‌సంగ్ 1990లో మొదలుపెట్టిన పద్ధతి చూడండి: ఎంపిక చేసిన ఉద్యోగిని ఒక దేశానికి ఏడాది పాటు పంపి, ఆఫీసు పనేమీ అప్పగించకుండా, అక్కడి భాష నేర్చుకో, మనుషులతో కలువు అని వదిలేసేవాళ్లు. ఏడాది జీతం ఇచ్చి అలా పంపడానికి ధైర్యం కావాలి.

అయితే ఊరికే ఉంటే చాలదు, చేతిలో అసలైన బాధ్యత ఉండాలి. నెస్లే సంగతే తీసుకోండి. ఆస్ట్రియాకు చెందిన పీటర్ బ్రాబెక్ చిలీ, ఈక్వడార్, వెనిజులాల్లో ఏళ్ల తరబడి పనిచేసి 1997లో సీఈఓ అయ్యారు. ఆయన తర్వాత 2008లో వచ్చిన బెల్జియన్ పాల్ బుల్కే కూడా పెరూ, ఈక్వడార్, చిలీల్లో చేసి, ఆ తర్వాత యూరప్ దేశాల బాధ్యతలు చూసినవారే. ఇలాంటి పోస్టింగుల బలం ఎక్కడుందంటే, చిన్న మార్కెట్‌లో అన్నీ ఒక్క మనిషి మీదే పడతాయి. అమ్మకాలు, ఫ్యాక్టరీ, యూనియన్, ప్రభుత్వం, కరెన్సీ పడిపోతే వచ్చే టెన్షన్, అన్నీ. హెడ్ ఆఫీసులో ఉంటే ఆ వయసుకి వీటిలో ఒక్క ముక్కే చేతికొస్తుంది. కాబట్టి విదేశానికి పంపి అక్కడ కూడా పై నుంచి వచ్చిన నిర్ణయాలను అమలు చేయడమే పనిగా ఇస్తే, ఆ మనిషికి దేశం మారింది తప్ప పని మారలేదు.

కుటుంబం సంగతి అందరికీ తెలిసిందే, అయినా పట్టించుకోరు. మేనేజ్‌మెంట్ పరిశోధకురాలు రోసలీ టంగ్ 1980ల మొదట్లో అమెరికన్ కంపెనీలను అడిగినప్పుడే, పోస్టింగులు మధ్యలో విఫలమవడానికి మొట్టమొదటి కారణంగా వచ్చింది జీవిత భాగస్వామి అక్కడ ఇమడలేకపోవడం. ఉద్యోగం వదులుకుని వెంట వెళ్లిన మనిషి రోజంతా ఏం చేయాలి అన్నదానికి కంపెనీ దగ్గర జవాబు ఉండాలి కదా! ఇక మహిళా మేనేజర్ల విషయంలో ఇంకా అన్యాయం. చిన్న పిల్లలున్నారు, ఆవిడ వెళ్లదులే అని ఆవిడను అడక్కుండానే లిస్టులోంచి తీసేస్తారు. విదేశీ ఉద్యోగం మీద ఆసక్తి ఆడవాళ్లకూ మగవాళ్లకూ సమానంగానే ఉందని మరో పరిశోధకురాలు నాన్సీ ఆడ్లర్ 1984లోనే చూపించారు. అడగడానికి ఏమవుతుంది?

ఇప్పుడు తిరిగిరావడం గురించి. 1999లో స్టీవర్ట్ బ్లాక్, హాల్ గ్రెగర్సన్ అనే ఇద్దరు మేనేజ్‌మెంట్ పరిశోధకులు రాసిన వ్యాసం ప్రకారం, పోస్టింగ్ పూర్తి చేసుకుని వచ్చిన అమెరికన్ మేనేజర్లలో నాలుగోవంతు మంది ఏడాదిలోపే కంపెనీ వదిలేశారు, చాలామంది పోటీ కంపెనీలకే వెళ్లారు. ఆ లెక్క పాతదే, కానీ దాని వెనక ఉన్న కారణం ఇప్పటికీ కళ్ల ముందే కనిపిస్తోంది. అక్కడ ఒక దేశం వ్యాపారం మొత్తం తన చేతుల మీద నడిపిన మనిషిని తెచ్చి, ఖాళీ ఉందని ఏదో ఒక విభాగంలో కూర్చోబెడతారు. పాత టీమ్ లేదు, తోటివాళ్లు ఈలోగా ప్రమోషన్లు తీసుకుని పైకెళ్లిపోయారు, నిన్నటిదాకా సొంతంగా తీసుకున్న నిర్ణయానికి ఈరోజు ముగ్గురి సంతకం కావాలి. పైగా అక్కడ ఏం నేర్చుకున్నావు అని అడిగే నాథుడుండడు. అడిగినా వాతావరణం ఎలా ఉండేది, ఇల్లు బాగుండేదా, ఇలాంటివే. వాళ్లు ఉద్యోగం మానేస్తే విశ్వాసం లేదని అనడం నాకు అసలు నచ్చదు. అంత ఖర్చుపెట్టి తయారు చేసుకున్న మనిషికి తగిన పని చూపించలేకపోయింది కంపెనీయే.

నన్నడిగితే, తిరిగొచ్చే తేదీకి కనీసం ఆరు నెలల ముందే తర్వాతి ఉద్యోగం గురించి మాటలు మొదలవ్వాలి, ఆ బాధ్యత హెచ్ఆర్ మీద మాత్రమే కాకుండా వ్యాపారం నడిపే ఒక సీనియర్ మీద పేరుతో సహా ఉండాలి. ఆ సీనియర్ అప్రైజల్‌లో కూడా దీన్ని చూడాలి, లేకపోతే ఎవరూ పట్టించుకోరు. వచ్చాక ఇచ్చే పని కూడా అక్కడ నేర్చుకున్నది వాడుకునేలా ఉండాలి: ఆ ప్రాంతానికి సంబంధించిన నిర్ణయాల్లో కూర్చోబెట్టడమో, తర్వాత వెళ్లబోయేవాళ్లను తయారు చేయించడమో.

మీకే ఎవరైనా పోస్టింగ్ ఇస్తామంటే, అలవెన్స్ గురించి మాట్లాడే ముందు, నేను లేనప్పుడు ఇక్కడ నా గురించి మాట్లాడేది ఎవరు అని అడగండి. ఆ పేరు మెయిల్‌లో తెప్పించుకోండి. ఆ సీనియర్ మధ్యలో కంపెనీ మారితే, ఇది తరచూ జరిగేదే, ఇంకొకరిని చూపించమని అదే వారంలో మళ్లీ మెయిల్ పెట్టండి.