మా ఇంట్లో గ్రహాలు ఎన్ని?

బడిలో గ్రహాలు ఎనిమిదని చెబుతారు. వీడియో కాల్‌లో అమ్మమ్మ తొమ్మిదంటుంది, అందులో సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ కూడా కలిపేస్తుంది. చిన్నప్పుడు నేను చదువుకున్న తొమ్మిది ఇంకో రకం, ప్లూటోతో కలిపి. మూడు లెక్కలూ విన్న మా అమ్మాయి "ఎవరిది రైటు?" అని అడిగింది.

విదేశాల్లో ఉన్న మనవాళ్లలో కొందరు "అమ్మమ్మకి తెలీదులే, స్కూల్లో చెప్పిందే రాయి" అంటారు. ఇంకొందరు "మనకి వేల ఏళ్ల క్రితమే అన్నీ తెలుసు" అని అందుకుంటారు. మొదటి మాట అమ్మమ్మని చిన్నబుచ్చుతుంది, రెండోది పిల్లని మోసం చేస్తుంది. నేను మాత్రం ఒక్కో లెక్కకీ నియమం ఏమిటో వెతుకుదాం అన్నాను.

అమ్మమ్మ లెక్క నేల మీద నిలబడి చూసినవాళ్లది. కదలని చుక్కల మధ్య కదిలేవి ఏవి? సూర్యుడు, చంద్రుడు, కంటికి బాగా కనిపించే ఐదు గ్రహాలు. రాహుకేతువులు వస్తువులు కావు. చంద్రుడి దారి, సూర్యుడి దారి ఒకదాన్నొకటి దాటే రెండు బిందువులు. గ్రహణాలు పట్టేది సూర్యచంద్రులు ఆ బిందువుల దగ్గరికి వచ్చినప్పుడే. మనం నిలబడ్డ భూమి ఆ జాబితాలో ఎందుకు లేదో పిల్ల తనే చెప్పేసింది.

బడి లెక్క 2006 ఆగస్టు 24న ప్రాగ్‌లో తేలింది. అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య సభ్యులు పసుపు కార్డులు ఎత్తి మరీ ఓటేశారు. ("గ్రహాలకి ఓట్లేంటే!" అంది అమ్మమ్మ.) గ్రహం సూర్యుడి చుట్టూ తిరగాలి. సొంత గురుత్వాకర్షణతో దాదాపు గుండ్రంగా మారేంత ద్రవ్యరాశి ఉండాలి. తన కక్ష్య పరిసరాల్ని ఖాళీ చేసుకుని ఉండాలి. మొదటి రెండూ ఉండి మూడోది లేకపోతే, ఇంకో గ్రహానికి ఉపగ్రహం కూడా కాకపోతే, అది మరుగుజ్జు గ్రహం. ప్లూటో కైపర్ బెల్ట్‌లో, అంటే నెప్ట్యూన్ అవతల మంచు శకలాలుండే పట్టీలో, బోలెడన్ని వస్తువుల మధ్య తిరుగుతుంది, అందుకే మూడో నియమం దగ్గర ఆగిపోయింది.

ఈ తగవు ముదిరింది ఎరిస్ అనే దూరపు వస్తువు వల్ల. 2005లో దాన్ని కనుక్కున్నట్టు ప్రకటించారు. సైజులో ప్లూటోకి దగ్గర, ద్రవ్యరాశిలో ఎక్కువ. ప్లూటో గ్రహమైతే అదీ గ్రహమే, దాని వెనక ఎన్ని వస్తాయో! నిజానికి ఇలాంటిది ముందే ఒకసారి జరిగింది. 1801లో దొరికిన సెరెస్‌ని గ్రహమే అన్నారు. 1807లో వెస్టా కూడా చేరేసరికి గ్రహాలు 11 అయ్యాయి. ఆ తర్వాత అలాంటివి వరసగా బయటపడుతుంటే, వాటన్నిటినీ గ్రహశకలాల్లో వేశారు. 2006లో సెరెస్‌కి మరుగుజ్జు గ్రహంగా ప్రమోషన్ వచ్చింది.

మా అమ్మాయికి మూడో నియమం నచ్చలేదు. గురుడి కక్ష్యలో వేల ట్రోజన్ గ్రహశకలాలు ఉన్నాయి కదా అంటుంది. వాటిని అక్కడ పట్టి ఉంచింది గురుడే, ఆ దారిలో పెత్తనం గురుడిదే అని నా జవాబు. ప్లూటోకి న్యూ హొరైజన్స్ నౌకని పంపిన బృందానికి పెద్ద అయిన ఆలన్ స్టెర్న్ కూడా ఆ నియమాన్ని ఒప్పుకోడు. వస్తువు ఎక్కడుందని కాదు, ఎలా ఉందని చూడాలంటాడు. పిల్ల ఇప్పుడు ఆయన పక్షం. నా ఓటు ప్రాగ్‌కే. గుండ్రంగా ఉంటే చాలనుకుంటే మన చందమామ కూడా గ్రహమైపోతుంది అన్నాను. "అమ్మమ్మ ఎప్పుడో చెప్పింది కదా!" అంది.