ఎలక్ట్రిక్ కారులో బ్రేక్ ఆయిల్ తగ్గుతోందా? మాస్టర్ సిలిండర్ వెనకాల చూడండి

ఎలక్ట్రిక్ కారు ఉందని తెలియగానే అందరూ బ్యాటరీ గురించే అడుగుతారు. ఒక చార్జికి ఎంత దూరం వస్తుంది, పాతబడితే బ్యాటరీకి ఎంతవుతుంది అని. బ్రేక్ ఆయిల్ సంగతి అడిగినవాళ్లు నాకు ఇంతవరకూ తగల్లేదు. ఈ మధ్య మా కారుకి మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల బ్రేకులకి నెట్టే భాగం) లీకై మార్పించాల్సి వచ్చింది. విశాఖలో పాత ఎలక్ట్రిక్ కార్లు నడిపేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను, కొంచెం పొడవైనా చదవండి.

మాది సెకండ్ హ్యాండ్ కారు. బానెట్ ఎత్తి చూస్తే బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం కింది గీత దగ్గరికి వచ్చేసింది. పోశాం, మళ్లీ దిగింది. నాలుగు చక్రాలూ విప్పి చూస్తే ఎక్కడా తడి లేదు, పార్కింగ్‌లో నేల మీద చుక్క లేదు, బ్రేకులు మాత్రం బాగానే పడుతున్నట్టే ఉన్నాయి.

అలా అనిపించడమే అసలు ప్రమాదం. యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే మోటారే జనరేటర్‌లా తిరిగి కారుని నెమ్మది చేస్తుంది కదా, ఆ రీజెన్ వల్ల బీచ్ రోడ్డు మీద ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా వెళ్లొచ్చినా పెడల్‌ని గట్టిగా తొక్కే అవసరం పెద్దగా రాదు. పెట్రోల్ కారులో అయితే పెడల్ మెత్తబడిందని కాలికి వెంటనే తెలిసిపోయేది. ఇక్కడ రీజెన్ ఆ లోటుని కప్పేస్తుంది. కానీ బ్యాటరీ నూటికి నూరు శాతం నిండి ఉంటే ఆ కరెంటుని పెట్టుకోడానికి చోటుండదు కాబట్టి రీజెన్ చాలావరకూ తగ్గిపోతుంది. రాత్రంతా చార్జింగ్ పెట్టి పొద్దున్నే యెండాడ డౌన్ దిగుతున్నారనుకోండి, ఎదురుగా లారీ సడన్‌గా ఆగితే మిమ్మల్ని ఆపాల్సింది ఆ డబ్బాలో మిగిలిన ఆయిలే.

ఇంకో మాట. ప్యాడ్లు అరిగితే కూడా డబ్బాలో మట్టం కొద్దిగా దిగుతుంది, చాలామంది మెకానిక్‌లు ఆ మాటే చెప్పి పోసి పంపించేస్తారు. రీజెన్ ఉన్న కారులో ప్యాడ్లు అరిగేదే చాలా తక్కువ. అందుకే ఎలక్ట్రిక్ కారులో మట్టం దిగితే ముందు లీకునే అనుమానించాలని నా అభిప్రాయం.

గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. ముందు పెడల్ తొక్కి అలాగే పట్టుకోమన్నారు. మెల్లగా కిందకి దిగిపోతే లోపలి రబ్బరు కప్పులు ఆయిల్‌ని పక్క నుంచి వదిలేస్తున్నట్టు. మాది నిలబడింది. తర్వాత మాస్టర్ సిలిండర్ నట్లు వదులు చేసి, పైపులు వంగకుండా ముందుకి కాస్త జరిపి, వెనకాల వేలు పెట్టి చూపించారు, మొత్తం తడి. "ఇది బయటికి కారట్లేదు బాబూ, బూస్టర్ తాగేస్తోంది," అన్నారు. సిలిండర్ వెనక రబ్బరు సీలు పోతే ఆయిల్ నేరుగా దాని వెనకే ఉండే వ్యాక్యూమ్ బూస్టర్‌లోకి, అంటే గాలి లాగేసిన ఖాళీతో మన కాలి బలాన్ని పెంచే డబ్బాలోకి పోతుంది. పెట్రోల్ కారులో అది ఇంజన్‌లోకి లాక్కోబడి సైలెన్సర్ నుంచి తెల్లపొగ వస్తుంది, కనీసం అలాగైనా తెలుస్తుంది. మా కారులో ఇంజనే లేదు, వ్యాక్యూమ్ కోసం విడిగా ఒక ఎలక్ట్రిక్ పంపు ఉంటుంది, ఆయిల్ బూస్టర్ డయాఫ్రంని (లోపలి రబ్బరు పొరని) పాడుచేసి ఆ పంపు దాకా వెళ్లొచ్చు. బ్రేక్ తొక్కకపోయినా పంపు మాటిమాటికీ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తే వెంటనే చూపించండి.

కిట్ (లోపలి రబ్బర్లు మాత్రం) వేయాలా, మొత్తం సిలిండర్ అసెంబ్లీ మార్చాలా అన్నది పెద్ద చర్చే అయింది. కిట్ చవక, నిజమే. కానీ సిలిండర్ లోపలి గోడ మీద గీతలు గానీ తుప్పు గుంటలు గానీ ఉంటే కొత్త రబ్బరు కూడా ఎన్నాళ్లో నిలవదు. అల్యూమినియం సిలిండర్‌ని లోపల అరగదీసి నునుపు చేయడం అసలే వద్దు, పైపూత పోతుంది. మేం అసెంబ్లీకే వెళ్లాం. దొరకడం కష్టమైతే, మీ కారుకి పెట్రోల్ మోడల్ కూడా ఉంటే దాని పార్టు సరిపోవచ్చు, కాకపోతే లోపలి వ్యాసం, పైపుల రంధ్రాలు పోల్చుకోకుండా కొనకండి. వ్యాసం పెద్దదైతే పెడల్ గట్టిగా ఉంటుంది కానీ అదే బలంతో తొక్కితే బ్రేక్ తక్కువ పడుతుంది.

పని మొదలెట్టే ముందు కారు ఆఫ్ చేసి 12 వోల్టుల బ్యాటరీ వైరు తీయించండి. నారింజ రంగు కేబుళ్ల జోలికి ఎవరినీ పోనివ్వకండి, అవి హై వోల్టేజీవి. బూస్టర్‌లో చేరిన ఆయిల్‌ని సిరంజితో లాగించాం. డయాఫ్రం ఉబ్బి ఉంటే బూస్టర్ కూడా మార్చాల్సిందే, మాది బతికిపోయింది. కొత్త సిలిండర్‌ని కారుకి బిగించే ముందే వైస్‌లో పెట్టి, చిన్న గొట్టాలతో ఆయిల్‌ని మళ్లీ డబ్బాలోకే తిప్పుతూ బుడగలు ఆగేదాకా మెల్లగా నొక్కారు. ఈ పని ఎగ్గొడితే తర్వాత పైపుల్లోంచి ఎంత ఎయిర్ తీసినా పెడల్ స్పాంజిలాగే ఉండిపోవచ్చు.

చక్రాల దగ్గర ఎయిర్ తీసేటప్పుడు పెడల్ మీద మా మేనల్లుడు కూర్చున్నాడు. కింద నుంచి "తొక్కు... పట్టుకో... ఇప్పుడు వదులు" అంటుంటే చివరికి వాడే అరిచాడు, "మావయ్యా, గట్టిపడింది!" పాత సిలిండర్‌నే ఉంచుకుని ఎయిర్ తీయించేవాళ్లు పెడల్‌ని నేల దాకా తొక్కనివ్వకండి, కింద ఒక చెక్కముక్క పెట్టండి. రోజూ నడవని భాగంలో తుప్పు చేరి ఉంటుంది, సీలు దాని మీదకి వెళ్తే చిరుగుతుంది. ఏబీఎస్ యూనిట్‌లోకి (సడన్ బ్రేకుకి చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) గాలి చేరితే కొన్ని కార్లకి స్కానర్ లేనిదే అది బయటికి రాదు. బూస్టర్ కూడా ఎలక్ట్రానిక్ అయిన కొత్త కార్లయితే ఆటోనగర్‌లో విప్పించొద్దనే అంటాను.

ఆయిల్ దగ్గర పిసినారితనం వద్దు. డబ్బా మూత మీద డాట్ 4 (బ్రేక్ ఆయిల్ రకం) అని ఉంటే సీలు తీయని కొత్త డాట్ 4 బాటిలే. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది, మన సముద్రం గాలి సంగతి తెలిసిందే. ప్రమాణాల ప్రకారం కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. అందుకే అరలో సగం మిగిలిన పాత బాటిల్ వాడకండి, డాట్ 5 సిలికాన్ రకం అసలే కలపకండి. పెట్రోల్‌తో సీళ్లు కడిగే అలవాటు ఇంకా కొన్ని షెడ్లలో ఉంది, ఎదురుగా నిలబడి వద్దని చెప్పండి, రబ్బరు ఉబ్బిపోతుంది. పెయింట్ మీద బ్రేక్ ఆయిల్ పడితే వెంటనే నీళ్లు పోయాలి.

పని అయ్యాక ఖాళీ రోడ్డు మీద, తక్కువ స్పీడులో, రీజెన్‌ని తగ్గించి లేదా న్యూట్రల్‌లో పెట్టి బ్రేక్ పరీక్షించాం, పెడల్ ఒక్కటే ఆపుతోందో లేదో అప్పుడే తెలుస్తుంది. డబ్బా మీద మార్కర్‌తో గీత గీసి పెట్టాం. ఇప్పటిదాకా మట్టం ఆ గీత దగ్గరే ఉంది.