కంచాలు తీయకముందు పది వచనాలు

మా ఇంట్లో బైబిలు లేని రోజు నాకు గుర్తు లేదు, కానీ దాన్ని ఇంటిల్లిపాదీ కలిసి ప్రతిరోజూ తెరిచిన సంవత్సరం మాత్రం నిరుటి వరకు ఒక్కటీ లేదు. దేవరకొండ వైపు మెన్నోనైట్ బ్రదరెన్ అనే ప్రొటెస్టెంట్ క్రైస్తవ సంఘంలో పుట్టి పెరిగినవాణ్ణి కనుక ఆదివారపు ఆరాధన, గృహకూడికలు, ఉపవాస ప్రార్థనలు తప్పలేదు. తప్పినదల్లా సోమవారం నుంచి శనివారం వరకు మా ఇంటి గోడల మధ్య జరగవలసిన వాక్యధ్యానమే.

ప్రయత్నించలేదని కాదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగించుకొని వచ్చి, ఈ ఏడు బైబిలు మొత్తం చదవాలని ఎన్నోసార్లు తీర్మానం చేసుకున్నాను. అరవై ఆరు గ్రంథాల్లో 1,189 అధ్యాయాలున్నాయి గనుక రోజుకు మూడు అధ్యాయాల పైచిలుకు చదవాలి. ఆదికాండం కథలా సాగిపోయేది. నిర్గమకాండంలో ఇశ్రాయేలీయుల ఆరాధన గుడారమైన ప్రత్యక్షగుడారపు కొలతల దగ్గర నడక మందగించేది. ఫిబ్రవరి మొదటి వారానికి లేవీయకాండంలో ఎక్కడో ఆగిపోయేవాణ్ణి. తప్పిన రోజుల అధ్యాయాలన్నీ అప్పులా పేరుకుపోయేవి, వాటిని చూస్తేనే బైబిలు తెరవడానికి మనసు వచ్చేది కాదు. లేవీయకాండంలో లోపమేమీ లేదు, నేను ఎత్తుకున్న మోతే నా శక్తికి మించినది.

నిరుడు జూన్‌లో, బడులు తెరిచిన వారం, పద్ధతి మార్చాము. మార్కు సువార్త తీసుకున్నాము, ఎందుకంటే యేసు జీవితాన్ని చెప్పే నాలుగు సువార్తల్లో అది చిన్నది, పదహారు అధ్యాయాలే. రోజుకు పది పన్నెండు వచనాలు, అంతకు మించి వద్దనుకున్నాము. ఉదయం కుదరలేదు, పిల్లల బడి బస్సు, నా డ్యూటీ, అమ్మ చేనుకు బయలుదేరే తొందర, ఇన్నింటి మధ్య వాక్యం పరుగులో పడిపోయేది. రాత్రి అన్నం తిన్న తర్వాత, కంచాలు తీయకముందు, అందరం ఎలాగూ ఒకచోటే కూర్చొని ఉంటాము కనుక అదే సమయమని నిర్ణయించాము. కొత్తగా ఒక వేళను వెతకడం కంటే, ఇంట్లో రోజూ తప్పక జరిగే పనికి వాక్యాన్ని ముడివేయడమే మాకు పనికొచ్చింది. ద్వితీయోపదేశకాండం ఆరవ అధ్యాయం కూడా ఇంట కూర్చుండునప్పుడు, త్రోవను నడుచునప్పుడు, పండుకొనునప్పుడు, లేచునప్పుడు ఈ మాటలను గూర్చి మాటలాడమనే చెబుతుంది.

ఒకరు బిగ్గరగా చదువుతారు, మిగిలినవారు వింటారు. అమ్మకు చదువు రాదు. ఆమెకు తెలిసిన వాక్యమంతా చిన్ననాడు పల్లెకు వచ్చి వాక్యం చెప్పిన సంఘపు ఆడవాళ్ల, అంటే బైబిలు స్త్రీల నోట విని నేర్చుకున్నదే. అందుకే మా ఇంట్లో అందరికంటే శ్రద్ధగా వినేది ఆమె. విత్తువాని ఉపమానం చదివిన రాత్రి, మన్ను లోతు లేని రాతినేల మీద పడిన విత్తనం వెంటనే మొలిచిందన్న చోట నేను ఆగకుండా ముందుకు పోబోతే, అమ్మ ఆపింది. "మన గుట్టకింది చెల్క గసొంటిదే బిడ్డా. మన్ను పల్సగుంటే తొందరగ కాక పడ్తది, తొలి వానకే మొలుస్తది. వారం ఎండ కొడ్తే మాడిపోతది" అన్నది. తొందరగా మొలవడమే అక్కడి ప్రమాదమని ఎన్నో ప్రసంగాలు విన్న నాకు అంత స్పష్టంగా ఎన్నడూ తట్టలేదు. నా జనవరి తీర్మానాలన్నీ ఆ చెల్కలోనే మొలిచాయని ఆ రాత్రి అర్థమైంది.

చదివిన తర్వాత మేము అడుగుకునే ప్రశ్న ఒక్కటే: ఇందులో ఎవరికి ఏ మాట అర్థం కాలేదు? మా పాత అనువాదపు తెలుగు గంభీరంగా ఉంటుంది, పిల్లలకు చాలా మాటలు కొత్త. తుఫాను ఘట్టంలో యేసు "దోనె అమరమున" నిద్రిస్తున్నాడని చదివినప్పుడు, అయిదవ తరగతి చదివే మా పాప "అమరము అంటే ఏంది డాడీ?" అని అడిగింది. ఇరవై ఏళ్లుగా ఆ వచనం మీదుగా సాగిపోయిన నాకు తెలియదు. నిఘంటువు తీసి చూస్తే పడవ వెనుక భాగమని ఉంది. నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కిన పాపకు ఆ చోటు వెంటనే కళ్లకు కట్టింది; అలలు పడవలోకి కొడుతుంటే వెనుక తలగడ మీద నిద్రపోగలిగినవాడు ఎవరో అని తానే అడిగింది. ఆ తలగడను చెప్పినవాడు సువార్తికుల్లో మార్కు ఒక్కడే. ఆ రాత్రి నేను వివరించవలసిన అవసరమే రాలేదు.

తప్పిన రోజులు లేవా అంటే ఉన్నాయి. పత్తి ఏరే రోజుల్లో అమ్మ, నా భార్య చీకటి పడ్డాక ఇంటికి వచ్చేవారు, అన్నం ముద్ద నోట్లో ఉండగానే కళ్లు మూతలు పడేవి. అలాంటి రాత్రి 117వ కీర్తన చదివి పడుకున్నాము. కీర్తనలు నూట యాభైలో అతి చిన్నది, రెండే వచనాలు. పూర్తిగా తప్పిన రోజుకు మరునాడు రెట్టింపు చదవము, ఆగినచోటనే మొదలుపెడతాము. అరణ్యంలో ఆకాశం నుంచి కురిసిన ఆహారమైన మన్నాను ఏనాటిది ఆనాడే కూర్చుకొమ్మని దేవుడు ఇశ్రాయేలీయులకు చెప్పిన మాట ఈ విషయంలో నన్ను చాలా ఆదుకుంది.

నా సొంత ధ్యానం వేరుగా తెల్లవారుజామున, టీ మరిగే లోపు సాగుతుంది. సామెతల గ్రంథంలో ముప్పై ఒక్క అధ్యాయాలున్నాయి కనుక తేదీని బట్టి ఒక అధ్యాయం తెరిచి, మనసుకు తగిలిన ఒక్క వచనాన్ని నోటుబుక్కులో చేత్తో రాసుకుంటాను. ఫోనులో చదివి చూశాను. రెండు వచనాలకే వాట్సాప్ పిలుస్తుంది. అందుకని ఫోను వేరే గదిలోనే ఉంటుంది, అమ్మకు ఆడియో బైబిలు పెట్టేటప్పుడు మాత్రం బయటికి వస్తుంది.

మార్కు ముగించేసరికి వానాకాలం గడిచిపోయింది. తర్వాత ఏది చదువుదామంటే అమ్మ రూతు గ్రంథం అడిగింది, నాలుగే అధ్యాయాలు. రెండవ అధ్యాయంలో రూతు పరిగె, అంటే కోతలో రాలిన కంకులు, ఏరుకోవడానికి పొలానికి వెళ్లిందని మా బాబు చదవగానే, అమ్మ తాను పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు కోసిన మడిలో పరిగ ఏరి, ఒడిలో పోసుకొని, సాయంత్రానికి సోలెడు వడ్లు ఇంటికి తెచ్చిన సంగతి చెప్పడం మొదలుపెట్టింది. ఆ రాత్రి మూడు వచనాల దగ్గరే ఆగాము; కంచాలు చాలాసేపు అలాగే ఉన్నాయి.