కారణం కంటే ముందు, జరిగింది రాయాలి: సూపర్‌వైజర్ల శిక్షణలో నా అనుభవం

జీడిమెట్ల పారిశ్రామికవాడలో వాహనాల విడిభాగాలు తయారుచేసే ఒక మెషిన్ షాపులో నేను క్వాలిటీ విభాగం చూస్తాను. షిఫ్టు సూపర్‌వైజర్లకు సమస్యలను ఒక పద్ధతి ప్రకారం పరిష్కరించడం నేర్పించే బాధ్యతను యాజమాన్యం నాకు అప్పగించింది. మా సూపర్‌వైజర్లలో ఎక్కువమంది ఐటీఐ చదివి, ఆపరేటర్లుగా చేరి, అనుభవంతో పైకి వచ్చినవారు. యంత్రం శబ్దం మారితే దూరం నుంచే పసిగడతారు. అయినా రిజెక్షన్ రిపోర్టులో కారణం రాయవలసిన గడిలో నెలల తరబడి ఒకే మాట కనిపించేది: ‘ఆపరేటర్ అజాగ్రత్త’. పక్క గడిలో ‘హెచ్చరించడమైనది’ అని ఉండేది. అదే రిజెక్షన్ మళ్ళీ వచ్చేది.

శిక్షణకు నమూనా వెతుకుతున్నప్పుడు, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1940లో అమెరికాలో మొదలైన ‘టీడబ్ల్యూఐ’ (ట్రెయినింగ్ వితిన్ ఇండస్ట్రీ, అంటే పనిచోటే ఇచ్చే శిక్షణ) పద్ధతి నాకు అన్నిటికంటే సరైనదిగా తోచింది. కర్మాగారాల్లోకి పెద్దసంఖ్యలో వచ్చిపడిన కొత్త కార్మికులను నడిపించవలసిన ఫోర్‌మన్ల కోసం దాన్ని రూపొందించారు. సుమారు పదిమందికి ఒక జట్టు, రెండేసి గంటల చొప్పున ఐదు తరగతులు, ప్రతి ఒక్కరూ తమ విభాగంలోని అసలు సమస్యనే తీసుకురావడం అందులోని ఏర్పాటు. యుద్ధం ముగిశాక అది జపాన్ కర్మాగారాల్లో బాగా వేళ్లూనుకుంది. ఈ కొలతలనే నేనూ తీసుకున్నాను. మొదటి షిఫ్టు దిగాక తరగతులు పెట్టి, ఆ రెండు గంటలకూ ఓటీ కట్టించాలని పట్టుబట్టాను. నేర్చుకునేది కంపెనీ పని కోసం అయినప్పుడు, ఆ సమయాన్ని కార్మికుడి ఇంటి వేళలోంచి తీసుకోవడం నాకు న్యాయంగా తోచలేదు.

మొదటి తరగతి మొత్తం సమస్యను రాయడానికే కేటాయించాను. ‘బోర్ సైజు రావడం లేదు’ అని, అంటే పార్టులో తొలిచే రంధ్రం కొలత సరిగా రావడం లేదని, ఒకరు రాశారు. ఏ పార్టు, ఏ యంత్రం, ఎప్పటినుంచి, ఎంత తేడా, ఏ షిఫ్టులో అని ఒక్కొక్కటే అడుగుతూ వెళ్లాను. వాటికి ఎలాగో జవాబులు వచ్చాయి. అందరినీ ఆపేసిన ప్రశ్న మరొకటి ఉంది: ఇదే సమస్య రావడానికి అవకాశం ఉండి కూడా ఎక్కడ రావడం లేదు? రిజెక్ట్ అయిన పీసుల దగ్గరికే పరుగెత్తడం అలవాటైన వారికి బాగున్న పీసుల సంగతి ఎన్నడూ పట్టలేదు. నా దృష్టిలో ఈ శిక్షణ మొత్తానికీ ఆయువుపట్టు ఆ ప్రశ్నే.

ఒక సమస్యకు ఉండగల కారణాలన్నిటినీ కొమ్మలుగా చూపే చేపముల్లు బొమ్మ గీయడం నేను కొత్తగా నేర్పవలసిన పని లేకపోయింది. జట్టులో అందరికంటే పెద్దాయన వయసులో ఉండగా వేరే కర్మాగారంలో, పనిలోని సమస్యలను కార్మికులే కలిసి కూర్చుని పరిష్కరించుకునే క్వాలిటీ సర్కిల్‌లో సభ్యుడు. మన దేశంలో క్వాలిటీ సర్కిళ్లు మొదలైంది హైదరాబాదులోనే, 1980లో రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో. 1982లో ఏర్పడిన జాతీయ ఫోరం కేంద్ర కార్యాలయం కూడా సికింద్రాబాదులోనే ఉంది. ఆయనే బోర్డు దగ్గరికి వచ్చి బొమ్మ గీసి, అందరిచేతా కారణాలు చెప్పించారు. బొమ్మలో రాసినవన్నీ అనుమానాలేనని, ఒక్కొక్కదాన్నీ లైను మీదికి వెళ్లి తేల్చుకోవాలని మాత్రం నేను జోడించాను.

‘ఎందుకు’ అని వరుసగా అడగడానికి టొయోటా ఉత్పత్తి పద్ధతిని తీర్చిదిద్దిన తైచీ ఓనో చెప్పిన ఉదాహరణ తీసుకున్నాను. యంత్రం ఆగింది, ఓవర్‌లోడు వల్ల ఫ్యూజు పోయింది. బేరింగుకు ఆయిల్ చాలలేదు. ఆయిల్ పంపు సరిగా లాగలేదు. దాని షాఫ్టు అరిగిపోయింది. వడపోత జాలీ లేకపోవడంతో లోహపు రజను లోపలికి వెళ్లింది. ఫ్యూజు మార్చి ఊరుకుంటే మళ్ళీ అదే జరుగుతుందన్నది విడమరచి చెప్పకుండానే అందరికీ అర్థమైంది.

ఇక బోర్ సమస్య సంగతి. అది 25 మిల్లీమీటర్ల బోర్, హెచ్7 టాలరెన్స్, అంటే మొత్తం వెసులుబాటు 21 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). లైను మీద, ఒక కొన రంధ్రంలో దూరాలి, రెండవ కొన దూరకూడదు అన్న గో-నోగో ప్లగ్ గేజితో చూస్తారు కనుక పీసు పాసా ఫెయిలా అన్నదే తెలుస్తుంది, ఎంత తేడా ఉందో తెలియదు. ఆ సమస్య తెచ్చిన సూపర్‌వైజరు మా విభాగం నుంచి అసలు కొలత చూపే బోర్ గేజి తీసుకెళ్లి, ప్రతి పీసు సైజునూ, తీసిన సమయాన్నీ రాయించారు. తరువాతి తరగతికి కాగితం పట్టుకొచ్చి, “లంచ్ అయినంక వచ్చే మొదటి పీసులే పోతున్నయ్ సార్, తర్వాతయి మంచిగనే ఉన్నయ్” అన్నారు. భోజనం చేసి వచ్చిన ఆపరేటర్ మబ్బుగా ఉంటాడని ఒకరు వెంటనే అన్నారు. అప్పుడే, ఎక్కడ రావడం లేదన్న ప్రశ్న అక్కరకు వచ్చింది. అదే పార్టు నడిచే రెండవ సీఎన్‌సీ (కంప్యూటరు అదుపులో నడిచే) లేతు మీద ఈ తేడా లేదు. అక్కడ లంచ్ వేళ రిలీవర్ నిలబడతాడు కనుక యంత్రం ఆగదు.

యంత్రం వేడి మీద ఉన్నప్పుడు సరిచేసుకున్న ఆఫ్‌సెట్ (టూలు స్థానానికి ఇచ్చే సవరణ), అరగంట ఆగి చల్లబడ్డాక సరిపోదు. ఉక్కు మీటరు పొడవుకు, డిగ్రీకి సుమారు 11 నుంచి 12 మైక్రాన్లు మారుతుంది. అర మీటరు పొడవు మూడు డిగ్రీలు చల్లబడితే దాదాపు 17 మైక్రాన్లు తగ్గుతుంది. ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడు గదిలో ఎవరూ మాట్లాడలేదు, ఎందుకంటే లంచ్ తరువాతి పీసులకు ఇంతకాలం మాటపడింది ఆ యంత్రం ఆపరేటరే. లంచ్ తరువాత కటింగ్ లేకుండా కాసేపు స్పిండిల్, స్లైడ్లు తిరిగేలా వార్మప్ ప్రోగ్రాం పెట్టి, మొదటి పీసును బోర్ గేజితో చూశాకే లాటు మొదలుపెట్టాలని నిర్ణయించారు. ఫలితాన్ని వారం తరువాత ఒకసారి, నెల తరువాత మరొకసారి చూశాం. లంచ్ తరువాతి రిజెక్షన్లు ఆగిపోయాయి. సూపర్‌వైజరు ఆ కాగితాన్ని ఆపరేటర్ దగ్గరికి తీసుకెళ్లి, తప్పు అతనిది కాదని లైను మీదే, పదిమంది వింటుండగా చెప్పారు. నేను ఆయనకు ఆ మాట చెప్పి పంపలేదు.

రిపోర్టు ఫారం ఇప్పుడు మారింది. కారణం గడికి ముందు ‘ఎక్కడ వస్తోంది, ఎక్కడ రావడం లేదు’ అన్న రెండు గడులు చేర్చి, ఒడిశా, బీహార్ కార్మికుల కోసం హిందీలో కూడా అచ్చు వేయించాం. ‘అజాగ్రత్త’ అని రాసిన ఫారం నా బల్ల మీదికి ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది. ఆ రెండు గడులూ నింపమని తిప్పి పంపుతాను. రెండవ జట్టులో మెయింటెనెన్స్ వారినీ కూర్చోబెడుతున్నాం. వార్మప్ ప్రోగ్రాం మిగిలిన లేతులన్నిటిలో ఎక్కించవలసింది వారే.